పాఠకుల ప్రశ్నలు – జవాబులు: హోటల్ గదా, రోజువారీ అద్దె ఇల్లా?

దసరా సెలవులు, వాటి వెనుకే పెళ్లి ముహూర్తాలు వస్తున్నందున ఈసారి మాకు చేరిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బస గురించే ఉన్నాయి. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: దసరా సెలవుల్లో మేము తొమ్మిది మందిమి మైసూరు వెళ్లి మూడు రాత్రులు ఉండాలనుకుంటున్నాము. నేను, మావారు, ఎనభై దాటిన మా అత్తగారు, కొడుకు, కోడలు, మనవరాలు, కూతురు, అల్లుడు, మనవడు. హోటల్‌లో నాలుగు గదులు కావాలి. గదికి రోజుకు 3,500 రూపాయలు, ఉదయం టిఫిను అందులోనే. ఆన్‌లైన్‌లో చూసిన మూడు పడకగదుల ఇంటికి రోజుకు 11,000, శుభ్రం చేసినందుకు 2,000, తిరిగి ఇచ్చే డిపాజిట్టు 10,000. ఇల్లే చవక అని మా అబ్బాయి, హోటలే సుఖమని అల్లుడుగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: టీచరుగారూ, ముందు మీ అబ్బాయి చెప్పిన లెక్కే చూద్దాం. నాలుగు గదులకు మూడు రాత్రులకు 42,000 అవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదిపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు కనుక పన్నుతో కలిపి 44,100. ఇంటికి మూడు రాత్రులకు 33,000, శుభ్రతకు 2,000, వెరసి 35,000. అయితే ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటి ఉంది. 7,500 అనే హద్దును ఒక్కో బస యూనిట్‌కు లెక్కిస్తారు. మీ నాలుగు గదులూ వేరువేరుగా 3,500 చొప్పున ఉన్నాయి కాబట్టి 5 శాతంతో సరిపోతుంది. ఇల్లు మొత్తాన్ని ఒకే యూనిట్‌గా 11,000కు ఇస్తున్నప్పుడు 18 శాతం పడుతుంది. అప్పుడు అది 41,300 అవుతుంది. ఇంకా 2,800 మిగులుతోందని మీ అబ్బాయి అనవచ్చు. తొమ్మిది మందికి మూడు ఉదయాల టిఫిను, తలకు వంద వేసుకున్నా, 2,700. మిగిలింది నూరు రూపాయలు. కాబట్టి డబ్బును పక్కన పెట్టి మాట్లాడుకోవచ్చు.

మీ ఉత్తరంలో అసలు తేలవలసిన విషయం మీ అత్తగారి పడక. నాలుగు గదులు తీసుకుంటే ఆమె ఒక్కరే ఒక గదిలో పడుకుంటారా? రాత్రి రెండింటికి బాత్‌రూముకు లేస్తే ఎవరికి వినపడుతుంది? హోటళ్లు పక్కపక్క గదులు ఇస్తామని ఫోనులో చెప్పినా, రద్దీ రోజుల్లో రెండు మూడో అంతస్తులోనూ రెండు అయిదో అంతస్తులోనూ ఇవ్వడం మామూలే. అందుకని మూడు గదులు తీసుకొని, మీ గదిలోనే ఆమెకు అదనపు పరుపు వేయించుకోవడం మేలు. దానికి ఎంత తీసుకుంటారో, అది మంచమా, నేల మీద వేసే పరుపా అన్నది ముందే అడగండి, ఎందుకంటే ఎనభై ఏళ్ల మనిషి నేల మీది పరుపు నుంచి లేవలేరు. ఇంట్లో అయితే అందరూ ఒక్క కప్పు కింద ఉంటారు, పిలిస్తే పలుకుతారు. కానీ ఆ ఇంటి కింది అంతస్తులో పడకగది ఉందా, గేటు నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లు, కమోడ్ ఉన్న బాత్‌రూము ఆ గదికి ఆనుకొనే ఉందా, దాని గడప ఎంత ఎత్తు అన్నవి ప్రకటనలోని ఫొటోల్లో కనపడవు. ఆ ఫొటోల్లో కుషన్లు, కర్టెన్లు, టేబుల్ మీద పూలగుత్తి ఉంటాయి. బాత్‌రూము గుమ్మం ఫొటో ప్రత్యేకంగా పంపమని యజమానిని అడగండి. పంపడానికి బద్ధకించే యజమాని, మీరు వెళ్లాక గీజరు పనిచేయకపోతే కదలడు.

రెండోది, వంటిల్లు. ఇల్లు తీసుకుందామన్న ఇళ్లలో మగవారు మొదట చెప్పే మాట ‘హాయిగా ఇంటి భోజనం తినవచ్చు’ అని. ఆ భోజనం ఎవరు వండుతారన్నది వారు చెప్పరు. గుంటూరులో ఏడాదంతా పొయ్యి దగ్గర నిలబడిన కోడలూ కూతురూ మైసూరు వెళ్లి అక్కడ కూడా ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంటే అది వారికి సెలవు కాదు, ఊరు మారిన చాకిరీ. వంటమనిషిని యజమానే ఏర్పాటు చేసే ఇళ్లు ఉంటాయి. అటువంటిది దొరికితే ఇల్లు మంచి ఆలోచనే. లేకపోతే, పసిపిల్లల పాలు కాచుకోవడం, పెద్దావిడకు కాస్త పెరుగన్నం కలపడం వరకే వంటిల్లు పనికివస్తుంది, ఆ మాత్రానికి చిన్న ఎలక్ట్రిక్ కెటిల్ చాలు. వంటిల్లు ఉందని రాసినచోట కూడా గ్యాస్ బండ నిండుగా ఉందా, కుక్కరు, సరిపడా గిన్నెలు ఉన్నాయా, మాంసాహారం వండనిస్తారా అని అడగవలసిందే.

ఇక దసరాకు మైసూరు అంటే ఊరికి ఊరే నిండిపోతుంది. విజయదశమి నాడు జంబూ సవారీ, అంటే ఏనుగుల ఊరేగింపు, రాజప్రాసాదం నుంచి బన్నిమంటపం దాకా సాగుతుంది కనుక ఆ దారులన్నీ మూసివేస్తారు. ఊరి చివరి కాలనీలో ఇల్లు తీసుకుంటే ఆ రోజు ఆటో దొరకడమే గగనం. ప్రయాణం తప్పిపోతే డబ్బు వెనక్కి ఎంత వస్తుందో కూడా చూసుకోండి. చాలా హోటళ్లు ఒకటి రెండు రోజుల ముందు దాకా రద్దుకు ఒప్పుకుంటాయి, ఇళ్ల యజమానులు పండుగ రోజుల్లో సగం కూడా ఇవ్వని షరతులు పెడతారు. ఇంట్లో ఎనభై దాటిన మనిషి ఉన్నప్పుడు ఈ షరతు చిన్నది కాదు.

మూడు రాత్రులకు, అందులోనూ దసరాకు, మీ అల్లుడుగారి మాటే నెగ్గాలని నా అభిప్రాయం. అదే ప్రయాణం వేసవిలో వారం రోజులకు పెట్టుకుంటే, బట్టలు ఉతుక్కోవలసి వస్తుంది, పిల్లలకు హోటల్ తిండి మొహం మొత్తుతుంది. అప్పుడు మీ అబ్బాయి వైపు మొగ్గుతాను.

ప్రశ్న: మా నాన్నగారికి గుంటూరు కొత్తపేటలోని ఒక ఆసుపత్రిలో మోకీలు మార్పిడి ఆపరేషన్ చేయబోతున్నారు. అయిదు రోజుల్లో డిశ్చార్జి చేస్తారట, కుట్లు తీయడానికి రెండు వారాలకు మళ్లీ రమ్మన్నారు. మాది మాచర్ల. ఆ మధ్య రోజులు గుంటూరులోనే ఉండమని ఫిజియోథెరపిస్టు సలహా. లాడ్జిలో ఉండాలా, ఇల్లు చూసుకోవాలా?
— ఒక రైతు, మాచర్ల

జవాబు: మీ అవసరాన్ని రెండుగా విడదీయండి. నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న అయిదు రోజులూ ఆయన దగ్గర ఒకరే పడుకోగలరు. మిగిలినవారికి కావలసింది స్నానం చేసి నాలుగు గంటలు నడుము వాల్చే చోటు మాత్రమే. దానికి ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న మామూలు లాడ్జి సరిపోతుంది. అర్ధరాత్రి మందుల కోసం ఫోను వస్తే కొరిటెపాడు నుంచో పట్టాభిపురం నుంచో ఆటో వెతుక్కుంటూ రావడం కన్నా రోడ్డు దాటి రావడం నయం.

డిశ్చార్జి అయిన రోజు నుంచి లెక్క మారుతుంది. వాకరు పట్టుకొని నడిచే మనిషికి లాడ్జి గది ఇరుకు: మంచానికీ గోడకూ మధ్య వాకరు తిరగదు, బాత్‌రూములో నున్నటి టైల్స్ ఉంటాయి, మంచం ఎత్తు తక్కువైతే లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. ఫిజియోథెరపిస్టు వచ్చి వ్యాయామాలు చేయించడానికి కూడా కొంచెం ఖాళీ జాగా కావాలి. పత్యం వండుకోవాలి, నొప్పి దగ్గర పెట్టడానికి ఐసు కావాలి, అంటే ఫ్రిజ్ ఉండాలి. ఈ తొమ్మిది పది రోజులకు కింది అంతస్తులో గానీ, లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్‌లో గానీ ఇల్లు తీసుకోవడమే సబబు. లిఫ్టు ఉంటే కరెంటు పోయినప్పుడు అది జనరేటరు మీద నడుస్తుందో లేదో వాచ్‌మన్‌ను అడగండి, యజమానిని కాదు. వాచ్‌మన్ నిజం చెబుతాడు.

రోజువారీ ధరకు పదితో గుణించి ఒప్పుకోకండి. వారం దాటిన బసకు తగ్గించి ఇవ్వడం వాడుకలో ఉన్నదే. మీరు ముందే వెళ్లి చూడగలిగినంత దగ్గరలో ఉన్నారు కనుక, ఆపరేషన్‌కు ముందు పరీక్షలకు వచ్చిన రోజునే ఇల్లు చూసి, మంచం మీద ఒకసారి కూర్చొని లేచి చూడండి. కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కన్నా పైకి వస్తుంటే ఆ మంచం మీ నాన్నగారికి పనికిరాదు. అడ్వాన్సుకు రశీదు తీసుకోండి. ఆసుపత్రి వాళ్లు ఆపరేషన్ తేదీ మార్చితే బస తేదీ కూడా జరపాలన్న మాట అందులో రాయించుకోండి.

ప్రశ్న: మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి విజయవాడలో. మంటపం పోరంకి దగ్గర. బయటి ఊళ్ల నుంచి నలభై మంది వస్తారు, వారిలో అమెరికా నుంచి రెండు కుటుంబాలు. అందరికీ హోటల్ గదులంటే తడిసి మోపెడవుతుంది కనుక రెండు పెద్ద ఇళ్లు మూడు రోజులకు తీసుకుందామని మా బావమరిది అంటున్నాడు. సబబేనా?
— ఒక పాఠకుడు, కానూరు, విజయవాడ

జవాబు: అందరినీ ఒకేచోట దింపాలన్న ఆలోచన మానుకుంటే మీ పని తేలికవుతుంది. ముందుగా మంటపం అద్దెలో ఎన్ని గదులు వస్తాయో కనుక్కోండి, అవి పోగా మిగిలినవారి సంగతే మీరు చూడవలసింది.

హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి రాత్రి బండ్లలో వచ్చేవారు తెల్లవారుజామున నాలుగింటికి స్టేషనులో దిగుతారు. అద్దె ఇళ్లలో సాధారణంగా మధ్యాహ్నం తర్వాత గానీ లోపలికి రానివ్వరు, పెద్ద హోటళ్లలో కూడా పన్నెండు, రెండు గంటల నియమం ఉంటుంది. మన స్టేషను, బస్టాండు, గాంధీనగర్, గవర్నరుపేట పరిసరాల్లోని లాడ్జీల్లో చాలావాటికి మాత్రం 24 గంటల చెక్ అవుట్ పద్ధతి ఉంది, అంటే నాలుగింటికి దిగితే మర్నాడు నాలుగింటి దాకా ఒక్క రోజు అద్దే. ఒక్క రాత్రి ఉండి వెళ్లేవారికి దీనికి మించినది లేదు. రైలు టిక్కెట్టు ఉన్నవారు స్టేషనులోని రిటైరింగ్ రూములను కూడా ఐఆర్‌సీటీసీలో పీఎన్‌ఆర్ నంబరుతో ముందే తీసుకోవచ్చు.

మూడు రోజులూ ఉండే దగ్గరి బంధువులకు ఇల్లు బాగుంటుంది. పెళ్లింటి సందడి హోటల్ వరండాల్లో రాదు. కానీ ఇంటికి వెళ్లి గీజర్లు చూసి రండి. ముహూర్తం రోజు ఉదయం పదిహేను మంది ఒకే 15 లీటర్ల గీజరు ముందు వరుస కట్టిన ఇంట్లో, పెళ్లికూతురి మేనత్త తలస్నానం పూర్తయ్యేలోగా మంగళసూత్రధారణ అయిపోతుంది. కార్లు నిలపడానికి చోటు, డ్రైవర్లు పడుకోవడానికి చోటు, పట్టుచీరల ఇస్త్రీకి బల్ల, పూలదండలు పెట్టడానికి ఫ్రిజ్ ఉన్నాయేమో చూడండి. అపార్ట్‌మెంట్ అయితే తెల్లవారుజామున నలభై మంది రాకపోకలకు అసోసియేషన్‌వారు ఏమంటారో యజమాని చేత ముందే చెప్పించండి.

అమెరికా కుటుంబాల విషయంలో ఒక జాగ్రత్త. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారికి బస ఇచ్చినవారు 24 గంటల్లోగా ఆ అతిథుల వివరాలను అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలి. హోటళ్లకు ఇది రోజూ చేసే పని. అద్దె ఇంటి యజమాని ఈ సంగతే వినలేదంటే ఆ రెండు కుటుంబాలను హోటల్‌లోనే దింపండి. అక్కడే పుట్టిన పిల్లల పాస్‌పోర్టులు కూడా ఈ లెక్కలోకి వస్తాయని వారికి ముందే చెప్పండి, లేకపోతే పెళ్లి హడావిడిలో సూట్‌కేసుల తాళాల కోసం వెతుకులాట మొదలవుతుంది.

మిగిలిన అతిథుల దగ్గర ఆధార్ జిరాక్సులు పోగు చేసి వాట్సాప్‌లో పంపించే పద్ధతి మంచిది కాదు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను డౌన్‌లోడ్ చేసుకొని ఇవ్వవచ్చు.

ప్రశ్న: మేమిద్దరం మొదటిసారి సింగపూర్ వెళుతున్నాము. అక్కడ హోటళ్లు చాలా ఖరీదు. ఒక ఫ్లాట్ అయిదు రోజులకు సగం ధరకే ఇస్తామని ఒకరు ఇంటర్నెట్‌లో పెట్టారు. తీసుకోవచ్చా?
— గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: తీసుకోవద్దు. సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్లను వరుసగా మూడు నెలల కన్నా తక్కువ కాలానికి, ప్రభుత్వ హౌసింగ్ బోర్డు ఫ్లాట్లను ఆరు నెలల కన్నా తక్కువ కాలానికి అద్దెకు ఇవ్వడం నిషిద్ధం. పైగా మీరు అక్కడికి చేరే ముందు మూడు రోజుల్లోగా నింపవలసిన అరైవల్ కార్డులో బస చిరునామా రాయాలి. చట్టవిరుద్ధమైన చిరునామాతో మొదటి విదేశీ ప్రయాణం ఎందుకు? వంటిల్లు కావాలనుకుంటే లైసెన్సు ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్లలో అయిదు రోజులకు ఇచ్చేవి ఉన్నాయేమో చూడండి, భోజనమే సమస్య అయితే లిటిల్ ఇండియా ప్రాంతంలో చిన్న హోటల్ చూసుకోండి.

కొడుకుల దగ్గరకు అమెరికా వెళ్లే తల్లిదండ్రులు కూడా ఇటువంటిదే అడుగుతున్నారు. న్యూయార్క్ నగరంలో 2023 సెప్టెంబరు నుంచి 30 రోజుల లోపు అద్దెకు ఇవ్వాలంటే యజమాని నగరపాలక సంస్థ దగ్గర నమోదు చేసుకొని, తానూ అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. కాబట్టి నలుగురికి ఇల్లంతా ఇస్తామన్న ప్రకటన ఆ నగరంలో కనిపిస్తే అనుమానించండి.

ప్రశ్న: ఒక కొండప్రాంతంలో ఆన్‌లైన్‌లో ఇల్లు బుక్ చేసుకొని వెళితే, ఆ ఇంట్లో మరమ్మతులు జరుగుతున్నాయంటూ ఊరవతల మరో ఇల్లు చూపించారు. మేము ఒప్పుకోలేదు. డబ్బు ఇంతవరకు వెనక్కి ఇవ్వలేదు. కేసు వేయాలంటే ఆ ఊరే వెళ్లాలా?
— చిరుద్యోగి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వెళ్లనక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, రెండేళ్లలోగా వేయాలి. అంతకు ముందు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా వివాదాలు కమిషన్ దాకా పోకుండా అక్కడే తేలుతాయి.

మీ బలం అంతా మీరు దాచుకున్న కాగితాల్లో ఉంటుంది. బుక్ చేసిన పేజీ, చెల్లింపు వివరం, యజమానితో జరిగిన సంభాషణ, మరమ్మతులు జరుగుతున్న ఇంటి ఫొటో ఉన్నాయా? సంభాషణ యాప్‌లో జరిగి ఉంటే మీ పని సులువు. ‘యాప్‌లో అయితే ఎక్కువ పడుతుంది, నాకు నేరుగా పంపండి, వెయ్యి తగ్గిస్తాను’ అన్న యజమానికి ఫోన్‌పేలో డబ్బు కొట్టి ఉంటే, బుకింగ్ సంస్థ తనకేమీ సంబంధం లేదంటుంది, ఆ మాట కాదనడం కష్టం. ఆ వెయ్యి కోసం ఆశపడవద్దని మిగిలిన పాఠకులకు కూడా చెబుతున్నాను.

ఇదే సందర్భంలో, ఒంటరిగా ప్రయాణించే ఇద్దరు యువతులు అద్దె ఇళ్లలో కెమెరాల గురించి రాశారు. ఇళ్లను రోజువారీ అద్దెకు ఇప్పించే ఆన్‌లైన్ సంస్థ ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. గుమ్మం బయట ఉంటే ముందే చెప్పాలి. లోపల కనిపిస్తే కదిలించకుండా ఫొటో తీసి, వెంటనే సంస్థకూ పోలీసులకూ తెలియజేసి, ఆ రాత్రికి హోటల్‌కు మారిపోండి.

ప్రశ్న: మొగల్రాజపురంలో మాకు మూడు పడకగదుల ఫ్లాట్ ఖాళీగా ఉంది. మేము హైదరాబాదులో ఉంటాము. నెలసరి అద్దెకు ఇవ్వడం కన్నా రోజువారీగా ఇస్తే మూడింతలు వస్తుందంటున్నారు. మా పైఅంతస్తువారు ఇప్పటికే అలా ఇస్తున్నారు. ఇవ్వవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: మూడింతలు అన్నది నెలలో ముప్పై రోజులూ నిండితే వచ్చే లెక్క. దసరా నవరాత్రులకు, భవానీ దీక్షల విరమణకు, పెళ్లిళ్ల కాలానికి మీ ఫ్లాట్ నిండుతుంది. మే నెల ఎండల్లో విజయవాడ చూడటానికి ఎవరు వస్తారు? దుప్పట్లు ఉతికించేవారికి, తాళాలు ఇచ్చేవారికి, శుభ్రం చేసేవారికి మాత్రం పన్నెండు నెలలూ జీతం ఇవ్వాలి.

మీరు హైదరాబాదులో ఉండటమే అన్నిటికన్నా పెద్ద అడ్డంకి. అతిథి ఫోను చేసి మోటారుతో నీళ్లు ఎక్కడం లేదంటే ఎవరు వెళతారు? కేంద్ర పర్యాటక శాఖవారి ఇన్‌క్రెడిబుల్ ఇండియా హోమ్‌స్టే పథకం కింద నమోదు కావాలన్నా యజమాని కుటుంబంతో ఆ ఇంట్లోనే నివసిస్తూ ఒకటి నుంచి ఆరు గదుల వరకు ఇవ్వాలి. మీకు ఆ వీలు లేదు. జీఎస్టీ విషయంలో, ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉన్న యజమాని నమోదు చేసుకోనవసరం లేకపోయినా, ఆన్‌లైన్ సంస్థ ద్వారా ఇచ్చినప్పుడు పన్నును ఆ సంస్థే వసూలు చేసి కడుతుంది.

అంతకన్నా ముందు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నిబంధనల పుస్తకం తెప్పించి చదవండి, కరెంటు మీటరు గృహ కేటగిరీలో ఉంటే ఈ వాడకానికి అది చెల్లుతుందా అని కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) కార్యాలయంలో అడగండి. మీ పైఅంతస్తువారు ఇప్పటికే రోజువారీ అద్దెకు ఇస్తున్నారని రాశారు కదా, వారి మీద అసోసియేషన్‌లో ఎన్ని ఫిర్యాదులు ఉన్నాయో కూడా కార్యదర్శిగారిని కనుక్కోండి.